రాజీనామా రాస్తేనే ఇచ్చే సౌకర్యం

సంపాదకులకు నమస్కారం.

చిన్నప్పుడు పోలియో సోకి ఎడమ కాలికి కాలిపర్ వేసుకుని నడిచే నేను, రేణిగుంట సమీపంలోని ఒక ప్రైవేటు కర్మాగారంలో, అకౌంట్స్ విభాగంలో, 19 ఏళ్లు పర్మనెంటు ఉద్యోగిగా పనిచేశాను. దాదాపు ఏడాదిగా అదే సంస్థకు అదే పనిని ఇంటి దగ్గర కూర్చుని కాంట్రాక్టు మీద చేస్తున్నాను. మా విభాగాన్ని రెండో అంతస్తుకు మార్చిన తరువాత, రోజుకు నాలుగైదుసార్లు మెట్లెక్కి దిగడంతో తుంటి నొప్పి ముదిరింది. నా బల్లను కింది అంతస్తులో వేయించమని, లేదా వారానికి మూడు రోజులైనా ఇంటి నుంచి పనిచేయనివ్వమని అడిగాను. పర్మనెంటు వారికి అలాంటి పద్ధతి లేదని, రాజీనామా ఇస్తే మాత్రం కన్సల్టెంటుగా పూర్తిగా ఇంటి నుంచే చేసుకోవచ్చని, ఇదంతా నా సౌకర్యం కోసమేనని చెప్పారు. రాజీనామా లేఖ నా చేతిరాతతోనే రాసిచ్చాను.

సంస్థ నన్ను మోసగించిందని నేననను. 19 ఏళ్ల గ్రాట్యుటీని సక్రమంగా చెల్లించారు (ఆ లెక్క వేసిందీ నేనే). మెట్లు తప్పాయి, నొప్పి తగ్గింది. 24 వేల జీతం స్థానంలో 28 వేల ఫీజు అనగానే ఇంట్లో అందరమూ సంతోషించాం. అయితే ఆ 28 వేలలో 10 శాతం టీడీఎస్ (చెల్లించేవారే ముందుగా కోసుకునే ఆదాయపు పన్ను) కింద ముందే పోతుంది, అది రిటర్ను వేసిన తరువాతే తిరిగి వస్తుంది. పీఎఫ్‌లో యాజమాన్యం వాటా ఆగిపోయింది. ఈఎస్ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమాకు) నెల జీత పరిమితి మామూలుగా 21 వేలు కాగా దివ్యాంగులకు 25 వేలు, ఆ సడలింపు వల్లనే నేను అందులో ఉండగలిగాను. జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇచ్చే ఆ రక్షణ, అవసరం పెరుగుతున్న వయసులో నాకు లేకుండా పోయింది. ఇప్పుడు నెలాఖరున నా పేరిట నేనే బిల్లు తయారు చేసి, కాలిపర్ తోలుపట్టీ మార్పించుకోవడానికి తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రికి వెళ్లిన రోజును నేనే అందులోంచి కోసేసి, ఒకప్పుడు నేను బిల్లులు పాస్ చేసిన విభాగానికే పంపుకుంటున్నాను.

ఇంటి నుంచి చేయగలిగిన పనే అయినప్పుడు, దాన్ని పర్మనెంటు ఉద్యోగిగా ఎందుకు చేయకూడదన్నదే నా ప్రశ్న. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షను ప్రకారం, సర్వీసులో ఉండగా వైకల్యం ఏర్పడిన ఉద్యోగిని తొలగించడానికి గానీ, హోదా తగ్గించడానికి గానీ వీల్లేదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, అదీ దొరకకపోతే అదనపు పోస్టు సృష్టించైనా కొనసాగించాలి. తగిన సౌకర్యాలు కల్పించాలన్నదీ ఆ సెక్షనులోనే ఉంది. కానీ ఇవన్నీ ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తాయి. రేణిగుంట నుంచి శ్రీసిటీ దాకా వెలసిన పరిశ్రమలు చాలావరకు ప్రైవేటువే కనుక, మా జిల్లాలో కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న దివ్యాంగుల్లో చాలామందికి ఆ సెక్షను అక్కరకు రాదు. మమ్మల్ని వికలాంగులు అనడం మాని దివ్యాంగులన్నారు, ఆపైన విభిన్న ప్రతిభావంతులన్నారు. పేరు మార్చినంత సులువుగా ఈ సెక్షనును మార్చలేకపోయారు.

అయినా ప్రైవేటు సంస్థలకు అసలు బాధ్యతే లేదనుకోవడం పొరపాటు. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి ప్రైవేటు సంస్థ, దివ్యాంగులకు తాను కల్పించే సౌకర్యాలను వివరిస్తూ సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. 19 ఏళ్లలో అలాంటి కాగితాన్ని నేను నోటీసు బోర్డు మీద చూడలేదు, చూపించమని అడగాలన్న సంగతీ నాకు తెలియలేదు.

20వ సెక్షనును ప్రైవేటు సంస్థలకూ వర్తింపజేయడం కేంద్రం చేయవలసిన పని. అంతవరకు కార్మిక శాఖ తనిఖీలకు వెళ్లినప్పుడు ఈ విధాన పత్రాన్ని అడిగి చూడాలని, దివ్యాంగ ఉద్యోగి రాజీనామా చేసి అదే సంస్థలో అదే పనికి కాంట్రాక్టు మీద కుదిరిన సందర్భాల్లో, రాజీనామాకు ముందు అతను ఏ సౌకర్యం అడిగాడో, దాన్ని ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా తెప్పించుకోవాలని కోరుతున్నాను. నా కాంట్రాక్టు 11 నెలలకు ఒకసారి మారుతుంది. రెండోది సంతకం కోసం నిన్ననే వచ్చింది, అందులో ఫీజు పెరగలేదు.

భవదీయుడు,
ఒక దివ్యాంగ పాఠకుడు,
తిరుపతి.