విద్యార్థి పత్రికలోని చిన్న వార్తలను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

కళాశాల చరిత్ర రాయవలసిన సందర్భం వచ్చినప్పుడల్లా స్వర్ణోత్సవ సంచికలు, వార్షిక నివేదికలు, పాలకవర్గ సమావేశాల మినిట్స్ పుస్తకాలు బీరువాల్లోంచి బయటికి వస్తాయి. విద్యార్థులు తామే రాసి, తామే ప్రూఫులు దిద్ది, పక్షానికో నెలకో నాలుగు పేజీలుగా అచ్చు వేయించుకున్న పత్రిక మాత్రం ఎవరికీ గుర్తురాదు. గుర్తొచ్చినా దాని పూర్తి ఫైలు దొరకదు. కళాశాల గ్రంథాలయంలో పత్రికల విభాగాన్ని చూసుకున్నవాడిగా ఈ నిర్లక్ష్యం గురించీ, అంతకన్నా ముఖ్యంగా ఆ నాలుగు పేజీల్లో దేనికి విలువ కట్టాలన్న దాని గురించీ మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చిన్న కళాశాల విద్యార్థి పత్రికలో మొదటి పేజీ పతాక శీర్షికకన్నా లోపలి పేజీల్లో మూలన పడి ఉండే చిన్న వార్తలే ఎక్కువ కాలం పనికివస్తాయి. అయితే పత్రిక నడిపే విద్యార్థులు చోటు చాలనప్పుడు మొదట తీసేసేదీ, యాజమాన్యాలు భద్రపరచేటప్పుడు అక్కర్లేదనుకునేదీ కూడా వాటినే.

గ్రంథాలయం వేళలు పొడిగించారనుకోండి. మినిట్స్ పుస్తకంలో ‘వేళలు పొడిగించుటకు తీర్మానించడమైనది’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. ఆ తీర్మానానికి ముందు ఎన్ని నెలలపాటు విద్యార్థులు అడుగుతూ వచ్చారో, తలుపులు మూశాక మెట్ల మీద దీపం కింద కూర్చుని ఎవరు చదువుకునేవారో, పొడిగించిన తరువాత రాత్రిపూట కుర్చీలు నిండాయో ఖాళీగా ఉన్నాయో, ఆ అదనపు గంటలకు సిబ్బంది ఎవరో చెప్పేది విద్యార్థి పత్రిక ఒక్కటే. తీర్మానం కళాశాల ఏం నిర్ణయించిందో చెబుతుంది. ఆ నిర్ణయంతో విద్యార్థులు రోజులు ఎలా గడిపారో తెలియాలంటే పత్రికే చూడాలి. పరీక్షల పట్టికలో రెండు సబ్జెక్టులు ఒకే పూట పడ్డాయన్న ఫిర్యాదు, హాస్టల్లో వేడినీళ్లు రావడం లేదన్న ఉత్తరం, నాటక ప్రదర్శనకు హాలు దొరక్క వాయిదా వేశారన్న రెండు వాక్యాల వార్త, ఇవేవీ చరిత్ర కోసమని రాసినవి కావు. అందుకే వాటిని నమ్మవచ్చు.

‘పోయినవి – దొరికినవి’ శీర్షికను చాలామంది పేజీ నింపడానికి వేసినదనుకుంటారు. దశాబ్దాల ఫైలు ఉన్నచోట దాన్ని వరుసగా చదివి చూడండి. 1972లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ హెచ్‌పీ-35 అనే చేతి కాలిక్యులేటరును మార్కెట్లోకి తెచ్చాక కొద్ది సంవత్సరాల్లోనే, అంతకుముందు చేత్తో జరుపుతూ లెక్కలు కట్టిన స్లైడ్ రూల్ అనే గీతల పట్టీ మూలపడిందని సాంకేతిక చరిత్ర పుస్తకాలు చెబుతాయి. అయితే ఒక ఫలానా కళాశాలలో విద్యార్థుల చేతుల్లోకి ఆ మార్పు ఎప్పుడొచ్చిందో తెలియాలంటే వాళ్లు ఏ వస్తువు పోగొట్టుకుని దిగులుపడ్డారో చూడటం కన్నా సులువైన దారి లేదు. వర్గీకృత ప్రకటనలూ అంతే. ‘థీసిస్ టైపు చేసిపెడతాం, పేజీకి ఇంత’ అన్న ప్రకటనలు ఏ సంచికతో ఆగిపోయాయో గమనిస్తే, విద్యార్థులు సొంతంగా కంప్యూటర్ మీద టైపు చేసుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో, దానితో పాటు ఊళ్లో కొందరు టైపిస్టులకు పని ఎప్పుడు తగ్గిందో కూడా ఊహించవచ్చు. బైండింగుకు పంపేముందు ‘ప్రకటనల పేజీలు ఎందుకు, దండగ’ అని చింపేసేవారిని చూస్తే నాకు కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

పెద్ద సంఘటనల కాలంలో కూడా ఈ చిన్న వార్తల విలువే పైకి తేలుతుంది. 1918 శరత్కాలంలో ఇన్‌ఫ్లుయెంజా ఉద్ధృతంగా ఉన్నప్పుడు అమెరికాలోని ఎన్నో కళాశాలలు క్వారంటైన్ విధించాయి, ఫుట్‌బాల్ ఆటలను రద్దు చేశాయి. మరణాల లెక్కలు ప్రభుత్వ రికార్డుల్లో దొరుకుతాయి. ఆవరణ దాటి వెళ్లడానికి అనుమతి ఎవరిని అడగాలి, ఏ సమావేశం ఎన్నాళ్లు వాయిదా పడింది, ఖాళీ అయిన గదులను దేనికి వాడుకున్నారు అన్న వివరాల కోసం పరిశోధకులు చూసేది ఆనాటి విద్యార్థి పత్రికలనే. గ్రినెల్ అనే చిన్న కళాశాలలో ‘స్కార్లెట్ అండ్ బ్లాక్’ అనే విద్యార్థి పత్రిక 1894 నుంచి వస్తోంది. వాసర్ కళాశాల తన విద్యార్థి పత్రికల పాత సంచికలను స్కాన్ చేసి ఎవరైనా వెతుక్కునే వీలు కల్పించింది. ఈ పని పెద్ద విశ్వవిద్యాలయాలకే సాధ్యమని చేతులెత్తేసేవారు ఈ రెండూ పరిమాణంలో చిన్నవేనని గమనించాలి.

చిన్న కళాశాలలో పత్రిక నడపడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. అక్కడ అందరికీ అందరూ తెలుసు. భోజనశాల గురించి విమర్శ రాసిన అమ్మాయి మరుసటి పూట అదే వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడాలి. విద్యార్థి సంఘం లెక్కలు అడిగిన అబ్బాయికి ఆ కోశాధికారి తరగతి గదిలో పక్క బెంచీలోనే ఉంటాడు. పేరు మార్చి రాసినా మనిషిని పోల్చుకోవడం క్షణంలో పని. ఈ చిక్కు 1983లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో హేజెల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ విద్యార్థి పత్రిక విషయంలో న్యాయస్థానం దాకా వెళ్లింది. అక్కడి ప్రిన్సిపాల్ ఆపేసిన రెండు పేజీల్లో ఆయనకు అభ్యంతరమైన వ్యాసాలు రాజకీయాలకు సంబంధించినవి కావు; విద్యార్థినుల గర్భధారణ గురించీ, తల్లిదండ్రుల విడాకులు పిల్లల మీద చూపే ప్రభావం గురించీ రాసినవి. పేర్లు మార్చినా ఆ బాలికలను గుర్తుపట్టేస్తారన్నది ఆయన వాదనల్లో ఒకటి. 1988లో సుప్రీంకోర్టు 5–3 మెజారిటీతో పాఠశాల వైపే తీర్పిచ్చింది, అయితే అదే కొలబద్ద కళాశాలలకూ వర్తిస్తుందా అన్న ప్రశ్నను తేల్చకుండా వదిలేసింది. ఆ బాలికల గోప్యత గురించిన ఆందోళన నాకు అర్థమవుతుంది, కాని పేజీలకు పేజీలు ఎత్తేయడం దానికి మందు అని ఒప్పుకోలేను. వ్యాసంలో ఉన్న వ్యక్తిని ముందే అడగడం, గుర్తుపట్టే వివరాలు తగ్గించడం, తప్పు దొర్లితే తరువాతి సంచికలో అదే పరిమాణంలో సవరణ వేయడం, ఇవి విద్యార్థులు తమంత తామే నేర్చుకోగల పనులు. ప్రతి సంచికా అచ్చుకు ముందు ప్రిన్సిపాల్ గదికి వెళ్లివచ్చే పద్ధతి ఉన్నచోట మొదట మాయమయ్యేది వేడినీళ్ల ఉత్తరమే.

ఆ పద్ధతి ఉన్నచోట పత్రిక త్వరలోనే ప్రచార కరపత్రంగా మారుతుంది: అతిథి వచ్చారు, ప్రసంగించారు, విద్యార్థులు చప్పట్లు కొట్టారు. విద్యార్థి సంపాదకుల వైపు నుంచి వచ్చే బలహీనత వేరు. వాళ్లకు పెద్ద పత్రికల్లా కనబడాలన్న తహతహ ఉంటుంది. దేశాల మధ్య సంధి గురించి కళాశాల పత్రికలో వచ్చిన సంపాదకీయాన్ని రాసినవారు తప్ప మరొకరు రెండోసారి చదివి ఉంటారని నేననుకోను. అదే సంచికలో బస్సు వేళల మార్పు వల్ల ప్రయోగశాల తరగతి ఎంతమందికి తప్పిపోతోందో రాసి ఉంటే అది మరే పత్రికలోనూ దొరకని వార్త అయ్యేది. అభిప్రాయాలు రాయవద్దని నేను అనడం లేదు. ఆవరణలో తాము మాత్రమే చూడగలిగినదాన్ని ముందు రాయమంటున్నాను.

రాసే తీరు గురించి కూడా ఒక మాట. ‘కొత్త భవనంలో నిన్న జరిగిన గొడవ’ అని రాస్తే ఆ వారం పాఠకులకు అర్థమవుతుంది గాని, పదేళ్ల తరువాత ఏది కొత్త భవనమో చెప్పగలవారు ఉండరు. తేదీ, సంవత్సరం, భవనం పూర్తి పేరు, ఫొటోలో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి రాయడానికి పట్టేది ఒక్క పంక్తి చోటు. ఫొటో కింద ‘మధుర క్షణాలు’ అని రాసి ఊరుకునే అలవాటు మానుకుంటే ఆ చోటు దానంతటదే దొరుకుతుంది.

ఇక భద్రపరచడం. న్యూస్‌ప్రింట్ కర్రగుజ్జుతో చేసినది. అందులోని లిగ్నిన్ (కర్రలో సహజంగా ఉండే పదార్థం) వెలుతురు, గాలి తగిలి పసుపెక్కుతుంది, ఆమ్లం పెరిగి కాగితం పెళుసుబారుతుంది. కాబట్టి సంచికలను వెలుతురు పడని చోట, మడతలు లేకుండా, ఆమ్లరహిత పెట్టెల్లో బల్లపరుపుగా పరిచి ఉంచాలి. కాపాడుతున్నామనుకుని లామినేషన్ చేయించడం మేలుకన్నా కీడే చేస్తుంది, ఎందుకంటే తరువాత ఆ పొరను కాగితం చెడకుండా తీయడం దాదాపు అసాధ్యం. ఇంటర్నెట్‌లో మాత్రమే వెలువడే పత్రికల పరిస్థితి ఇంకా అధ్వానం. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు ఎన్నో విద్యార్థి పత్రికలు అచ్చు ఆపి వెబ్‌సైట్లకే పరిమితమయ్యాయి. డొమైన్ రుసుము కట్టవలసిన విద్యార్థి చదువు ముగించుకుని వెళ్లిపోతే ఆ ఏడాది రాతలన్నీ ఒక్కసారిగా కనబడకుండా పోతాయి. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలుగా పెట్టిన వార్తలకైతే ఆయుష్షే 24 గంటలు. పూర్వ విద్యార్థులు కొందరు ఉద్యోగాల వేటలో తమ పాత వార్తను తొలగించమని అడగడం కూడా ఇప్పుడు మామూలైంది. అలాంటప్పుడు వార్తను చెరిపేయడం కన్నా, కేసు కొట్టివేశారనో ఆరోపణ రుజువు కాలేదనో దాని కిందే తేదీతో వివరణ చేర్చడం ఉభయులకూ మేలని నా అభిప్రాయం.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. పత్రిక సంపాదకవర్గం ఏటా మారిపోతుంది గనుక బాధ్యత అప్పగించే రోజునే ఒక నియమం పెట్టుకోవాలని కళాశాలలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దిగిపోతున్న సంపాదకుడు ఆ సంవత్సరపు సంచికలన్నిటినీ ప్రకటనల పేజీలతో, సవరణలతో సహా రెండేసి ప్రతులూ, వెబ్‌సైట్‌లోని వ్యాసాల నకలు ఒకటీ గ్రంథాలయాధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఏ సంచికైనా వెలువడకపోతే ఎందుకు వెలువడలేదో ఆ రసీదు మీదే ఒక వాక్యం రాయాలి. ఆ రసీదు చూపించాకే కొత్త సంపాదకవర్గానికి ఆ ఏడాది నిధులు విడుదల చేయాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రంథాలయాధికారి