జెన్‌లో ఎస్టీమ్ ఇంజన్ పని ఎందుకు ఆపేశానంటే

అందరికీ నమస్కారం అండీ. ఆటోనగర్ మా షెడ్డుకి ఫోన్ చేసి "బండి ఎప్పుడిస్తావయ్యా" అంటున్నవాళ్ళందరికీ ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నా. రెండు వారాలు లేటు, కుర్రాళ్ళు ఊరెళ్ళారని ఏదో ఒకటి చెప్పొచ్చు గానీ తప్పు నాదే.

సంక్రాంతికి ముందు గుంటూరు బ్రాడీపేట నుంచొచ్చిన ఓ కస్టమర్ తమ్ముడి పాత కార్బొరేటర్ మారుతి జెన్ కారుకి మారుతి వాళ్ళదే పెద్ద కారు ఎస్టీమ్‌ది పదహారు వాల్వుల ఇంజన్ ఎక్కించాం కదా, వీడియో కూడా పెట్టా, మీలో సగం మంది అది చూసే ఫోన్ చేశారు. 993 సీసీ 50 హార్స్‌పవర్ ఉన్న చోట 1298 సీసీ 85 హార్స్‌పవర్. రెండూ ఒకే కుటుంబం ఇంజన్లు, పెద్దగా కోతలు లేకుండా కూర్చుంటాయి, అక్కడే నాకు ఆశ పుట్టింది. కొత్తది ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మే పద్ధతి) కాబట్టి ట్యాంకులో కరెంటు పంపు, మిగిలిన పెట్రోలు వెనక్కెళ్ళే రిటర్న్ లైను, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటరు, వైరింగు, పెద్ద రేడియేటరు (మన బెజవాడ మే నెలకి అది లేకపోతే బెంజ్ సర్కిల్ దగ్గరే పొగలు), అన్నీ పద్ధతిగా చేశాం. బిల్లు పెరుగుతోందని గేర్‌బాక్సు మాత్రం పాతదే ఉంచా, క్లచ్ ప్లేటు ఇంకా సగం ఉందిగా లాగుతుందిలే అన్నా. అన్నది నేనే, తమ్ముడు కాదు.

లాగలేదు. నెల తిరక్కుండానే కాజ టోల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలట్లేదు, క్లచ్ జారుతోంది. కొత్త క్లచ్ సెట్టు వేసి పంపా. అసలు కథ అప్పుడు మొదలైంది, ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆ అరిగిన ప్లేటే జారిపోతూ గేర్‌బాక్సుని కాపాడింది, గట్టి ప్లేటు పడేసరికి లోడంతా గేర్ల మీదకెళ్ళింది. హార్స్‌పవర్ చెప్పుకోడానికి బానే ఉంటుంది, గేర్ పళ్ళ మీద పడేది టార్క్, అంటే తిప్పే బలం. ముందు సెకండ్ గేర్ గరగర, తర్వాత బేరింగ్ కూత, ఓ రోజు గేర్ లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకొచ్చేసింది. దించి చూస్తే సింక్రో రింగు (గేరు మార్చేటప్పుడు గరగరలాడకుండా వేగాలు కలిపేది) నున్నగా అరిగిపోయింది, ఆయిల్లో ఇనప రజను మెరుస్తోంది.

సరే ఎస్టీమ్ గేర్‌బాక్సు తెద్దాం అనుకుంటుండగా ఇంకోటి తగిలింది. తమ్ముడి ఇన్సూరెన్స్ పాలసీ గడువు దాటింది, ఇన్‌స్పెక్షన్‌కి ఇంజన్ నంబర్ ఫొటో అడిగారు. ఆర్సీలో ఒక నంబరు, బండిలో ఇంకోటి. అప్పుడు కూర్చుని చదివా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ ఆర్సీకీ తేడా వచ్చేలా మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, ఆ ఏడాదే సవరణ కూడా వచ్చింది, ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5,000 రూపాయల ఫైన్ గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. అదే మేక్ అదే టైపు ఇంజన్ అయితే ఆర్టీఓ అనుమతితో మార్చుకుని కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు. మనం పెట్టింది అది కాదు. అందరూ చేస్తున్నారుగా అని నేనూ చేశా, ముందే చదవాల్సింది.

అందుకని రోడ్డు మీద తిరిగే బండికి పెద్ద ఇంజన్ పని ఇక చెయ్యను. అడ్వాన్స్ ఇచ్చిన ముగ్గురికీ మొత్తం తిరిగిచ్చేస్తా, ఈ ఆదివారం తర్వాత ఎప్పుడైనా రండి. దాని బదులు చేసేది చెప్తా, మీ ఇంజనే దించి సిలిండర్ బోరింగు, పిస్టన్ రింగులు, వాల్వులు, హెడ్ ఫేసింగు (సిలిండర్ హెడ్ అడుగు చదును చెయ్యడం), దాంతో పాటే క్లచ్ సెట్టు, గేర్‌బాక్సులో సింక్రోలు బేరింగులు, ఈ క్లచ్చు గేర్‌బాక్సు పని వద్దంటే ఇంజన్ పని కూడా చెయ్యను, ఏమనుకోకండి. ఇరవై ఏళ్ళ బండిలో కంపెనీ ఇచ్చిన 50 గుర్రాల్లో ఎన్ని బతికున్నాయో మీరే చెప్పండి, వాటిని లేపితే చాలామందికి అదే సరిపోద్ది.

బ్రాడీపేట తమ్ముడి జెన్‌కి పాత ఇంజన్‌నే ఓవర్‌హాల్ చేసి ఎక్కిస్తున్నా, ఖర్చంతా నాదే, లేటంతా దీనివల్లే. ఆ పాత ఇంజన్ని స్క్రాప్‌కి వెయ్యకుండా మూల పెట్టడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. మిగతా బండ్లు వచ్చిన వరసలోనే ఇస్తా, ఫోన్ సాయంత్రం ఆరు తర్వాత చెయ్యండి, పగలు చేతులనిండా గ్రీజే.