ఫోన్ ఎత్తట్లేదుగా, అందుకే ఉత్తరం

అమ్మలూ,

ఎలా ఉన్నావు? ఊరికే రాస్తున్నాలే, పనేం లేదు. నీ గొంతు విని మూడు వారాలైంది, ల్యాబ్‌లో బిజీ అయ్యుంటుందని అమ్మకి నేనే సర్దిచెప్తున్నా. కళ్ళజోడు మార్పించావా?

నువ్వు పీహెచ్‌డీ మానేస్తున్నావని చిన్నత్త ఏదో అంది. నేను పట్టించుకోలేదు.

ఈమధ్య మీ ఫ్యూజన్, అదే సూర్యుడిలో లాగా పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తియ్యడం, దాని గురించే చదువుతున్నా. ఇరవై ఏళ్ళలో దీన్ని అదుపులోకి తెస్తారని 1955లో జెనీవాలో హోమీ భాభా అన్నాడట, ఆ ఇరవై ఏళ్ళు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, నీ "రేపు చేస్తా నాన్నా" లాగా.

అన్నిట్లోకీ జీటా అనే ఫ్యూజన్ మెషీన్ కథ బాగా పట్టింది నాకు. ఇంగ్లండ్‌లో హార్వెల్ దగ్గర పాత విమానాల షెడ్డులో పెట్టారు దాన్ని, అటకమీదున్న నీ సైకిల్ ట్యూబ్ లేదూ, ఆ ఆకారమే, కాకపోతే లోపల మనిషి దూరేంత లావు. డ్యుటీరియం, అదే బరువు హైడ్రోజన్, నింపి కరెంటు పంపితే న్యూట్రాన్లు వచ్చాయి. 1958 జనవరిలో కాక్‌క్రాఫ్ట్, నోబెల్ వచ్చినాయనే, ఇవి ఫ్యూజన్‌వేనని తొంభై శాతం నమ్మకం అన్నాడు, పేపర్లన్నీ ఊగిపోయాయి. తీరా చూస్తే అవి వాళ్ళు అనుకున్నట్టు వేడికి పుట్టినవి కావు, ప్లాస్మా, అంటే వేడెక్కి కరెంటు పారే ఆ వాయువు, కుదురులేక మెలికలు తిరుగుతూ తనలోని కొన్ని అయాన్లని, అదే చార్జ్ ఉన్న కణాల్ని, విసిరికొడితే వచ్చినవి. మే నెలకల్లా వాళ్ళే ఒప్పుకున్నారు. నాలుగు నెలల్లో, వాళ్ళ నోటితో, ఏ చిన్నత్తా చెప్పక్కర్లేకుండా.

అక్కడితో అవ్వలేదు. 1968లో రష్యా వాళ్ళు మా టీ-3 టోకమాక్, అదే అయస్కాంతాలతో ప్లాస్మాని పట్టి ఉంచే ఉంగరం లాంటి మెషీన్, కోటి డిగ్రీలకి చేరిందంటే చాలామంది నమ్మలేదు. అప్పుడు ఈ బ్రిటన్ వాళ్ళే లేజరు సామాను మాస్కోకి మోసుకెళ్ళారు. ఎలక్ట్రాన్ల మీద పడి చెదిరిన వెలుగులో రంగు ఎంత విప్పారితే అంత వేడన్నమాట. 1969లో కొలిచి నిజమేనన్నారు. ఆ టీమ్‌లో డెరెక్ రాబిన్సన్ అంతకుముందు జీటా మీద పనిచేసినవాడే! పరువుపోయిన మెషీన్ దగ్గరే పని నేర్చుకున్నాడు చూడు.

2022లో అమెరికాలో 2.05 మెగాజౌళ్ళ శక్తితో లేజరు వేస్తే ఫ్యూజన్ నుంచి 3.15 వచ్చిందని అమ్మకి గొప్పగా చెప్పా, ఆ లేజర్లే దాదాపు 300 మెగాజౌళ్ళ కరెంటు తాగాయని కూడా చెప్పా. "మీ అన్నయ్య బిజినెస్ లెక్కలా ఉంది" అంది.

ఓపిక ఉండాలమ్మా, ఈ తరం పిల్లలు ఒక్క రీడింగ్ తప్పితే చాలు... సరే, క్లాసు పీకనన్నా కదా, ఆపేస్తున్నా.

మానేస్తే మానెయ్, తిట్టను. కానీ నువ్వు చెప్పు. సోమవారం రాత్రి చెయ్యి, అమ్మ పక్కనే ఉంటుంది, ముందు కళ్ళజోడు సంగతి చెప్పి తర్వాత ఇది.

నాన్న