జ్వాలాపురం బూడిద పూర్తిగా పోకముందే రండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారాలు. నంద్యాల జిల్లా బనగానపల్లె మండలంలోని జ్వాలాపురం గురించి మీ శాఖకు తెలియనిది ఏమీ లేదు. కాబట్టి ఆ ఊరి గొప్పతనాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పి మీ సమయం తీసుకోను. నేను మొరపెట్టుకునేది ఒక్క సంగతి. జుర్రేరు లోయలో ఆదిమానవుల ఆనవాళ్లను దాచుకున్న వేల ఏళ్ల నాటి అగ్నిపర్వత బూడిద పొరను తవ్వి అమ్మేస్తున్నారు. ఇప్పటికే చాలా పోయింది. మిగిలిన కాస్తా పోయాక మీరు ఎన్ని కోట్లు మంజూరు చేసినా పరిశోధించడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈ ఉత్తరం నేరుగా మీకు రాయడానికి కారణం ఉంది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలు పెట్టాం. రసీదులు ఇచ్చారు. ఒక ఆఫీసుకు పోతే ఇది మా పరిధి కాదు, తవ్వకాల సంగతి వేరేవాళ్లు చూస్తారన్నారు. ఆ వేరేవాళ్ల దగ్గరికి పోతే అది పట్టా భూమి, మేమేం చేయగలమన్నారు. ఇంకోచోట కూర్చున్న పెద్దమనిషి అయితే "బూడిదకు రక్షణ ఏంటి మాస్టారూ" అని అడిగాడు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ తర్వాత కొన్నాళ్లకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చినప్పుడు మాత్రం తట్టుకోలేకపోయాను. ఏం పరిష్కరించారు సార్? ఎవరు వచ్చి చూశారు? ట్రాక్టర్లు అప్పుడూ తిరుగుతూనే ఉన్నాయి.

ఆ బూడిద సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడింది. లోయలో ఒకచోట రెండు మీటర్లకు పైనే పేరుకుంది. పురావస్తు పరిశోధకులైన ధార్వాడ్ నుంచి రవి కోరిశెట్టర్ గారు, కేంబ్రిడ్జ్ నుంచి మైఖేల్ పెట్రాగ్లియా గారు తమ బృందాలతో వచ్చి తవ్వితే బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి, బూడిద పైన కూడా దొరికాయి. కింది పొర వయసు 77,000 ఏళ్లు, పైపొర వయసు 74,000 ఏళ్లు, కొన్ని వేల ఏళ్లు అటూ ఇటూగా. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో మనుషులు బతికారని, అదే పద్ధతిలో రాళ్లు చెక్కుకున్నారని 2007లో 'సైన్స్' పత్రికలో రాస్తే ప్రపంచమంతా చదివింది. ఆ చెక్కినవాళ్లు మనలాంటి ఆధునిక మానవులేనా, అంతకు ముందరి మానవ జాతులవాళ్లా అన్న వాదన ఇంకా తెగలేదు. తెగాలంటే మళ్లీ తవ్వాలి. తవ్వాలంటే పొర ఉండాలి.

పొర ఉండాలని ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. ఇసుక రేణువు ఆఖరుసారి ఎండ చూసి ఎన్నాళ్లయిందో కొలిచి ఆ మట్టి వయసు తేలుస్తారు. జేసీబీ ఒక్కసారి తిరగేసిందంటే ఆ రేణువుకు వెలుతురు తగులుతుంది, కిందిదీ పైదీ కలిసిపోతాయి. ఇక ఆ గుట్టలో దొరికిన రాయి ఎంత చక్కగా చెక్కి ఉన్నా దాని వయసు ఏ ల్యాబూ చెప్పలేదు. శాసనం పగిలితే ముక్కలు అతికించి చదువుకోవచ్చు. దీన్ని అతికించే దారి లేదు. ఇంతకీ ఆ బూడిద పోతున్నది గిన్నెలు తోమే పౌడర్లలోకి. ఈ మాట రాస్తుంటేనే నాకు బాధగా ఉంది.

రైతులను దొంగలుగా చూడొద్దని కూడా వేడుకుంటున్నాను. భూమి వాళ్లది. వానలు మొహం చాటేసిన ఏడాది బూడిద కొంటామని ఎవరో వచ్చి డబ్బు చేతిలో పెడితే వద్దనమని చెప్పే హక్కు మనకు ఎక్కడిది? దాని విలువ ఏంటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, దాన్ని కాపాడినందుకు ఒక్క రూపాయి ఇచ్చినవాళ్లూ లేరు. పోలీసులను పంపి కేసులు పెడితే రాత్రిపూట తవ్వుతారు, అంతే. ఆ భూమిని న్యాయమైన ధరకు కొనండి. లేదా ఏటా కౌలు కట్టి, తవ్వకుండా ఉంచినందుకు ఆ డబ్బు రైతుకే చేరేలా చూడండి. ఆ ఊరి పిల్లలనే కాపలాకు పెట్టుకోండి. ఇంత ఉంటే మిగిలిన పొర నిలబడుతుంది.

జ్వాలాపురం ఒక్కటే కాదు, ఈ చుట్టుపక్కలంతా ఇలాంటిదే. అదే ఊరి దగ్గర బండ కింది ఆవాసంలో 35,000 ఏళ్ల నాటి నుంచి చేసిన సన్నటి రాతి పలుకులు, అంటే చిన్న చిన్న రాతి పనిముట్లు దొరికాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త తవ్వి జంతువుల శిలాజాలు తీశాడు. ఆ ఎముకల్లోని ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదే 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని పేరు పెట్టారు. మన దేశంలో ఆదిమానవుడి కపాలం అని చెప్పుకోవడానికి 1982లో మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హత్నోరాలో దొరికిందే ఆధారం. రాతి పనిముట్లు లెక్కలేనన్ని ఉన్నాయి కానీ వాటిని చెక్కిన మనిషి ఎముకలే చాలా అరుదు. సున్నపురాయి గుహల్లో ఎముక నిలుస్తుంది కాబట్టి అవి దొరికే ఆశ ఎక్కడైనా ఉందంటే ఈ గుహల్లోనే ఉంది. అయినా మన యూనివర్సిటీల నుంచి ఒక పిల్లవాడు ఈ పని మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటే జీపు ఖర్చుకు కూడా వెతుక్కోవాలి.

చేయలేక కాదు సార్. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, ఈ రోజుకీ పిల్లలు నోరు తెరిచి చూస్తారు. మన జిల్లాలోనే బెలుం గుహలకు లైట్లు పెట్టి, మెట్లు కట్టి, జనాన్ని రప్పించారు. యాగంటికి వచ్చే బస్సులకు లెక్కే లేదు. ఆ దారికి దగ్గర్లోనే జ్వాలాపురం ఉందని ఆ బస్సుల్లో ఎంతమందికి తెలుసు? ఒక చిన్న మ్యూజియం కట్టి, బూడిద పొరను నిలువునా కోసి చూపించే గోడ ఒకటి అందులో పెడితే మా బడి పిల్లలకు ఏ పాఠమూ చెప్పక్కర్లేదు.

1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం మీ చేతిలో ఉంది. బూడిద మిగిలి ఉన్న సర్వే నంబర్లు గుర్తించి రక్షిత స్థలంగా నోటిఫై చేయండి. ఇప్పటికే ఫైలు నడుస్తుంటే అది ఏ టేబుల్ మీద ఆగిందో కనుక్కోండి. గుహల్లో శాస్త్రీయ తవ్వకాలకు ఏటా ఎంతో కొంత నిధి పెట్టండి, మన విద్యార్థులకు ఫెలోషిప్‌లు ఇవ్వండి, దొరికినవి జిల్లాలోనే దాచే ఏర్పాటు చేయండి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు తవ్వకం ఆపించండి. మిగతావి మెల్లగా చేయొచ్చు. తవ్వకం మాత్రం ఇప్పుడే ఆగాలి.

బనగానపల్లె వైపు మీ పర్యటన ఉన్నప్పుడు ఒక గంట ఇటు కేటాయించండి. రెవెన్యూ, గనులు, పురావస్తు శాఖల అధికారులను కూడా అదే బండిలో తీసుకురండి. ఎవరి పరిధి ఏదో ఆ పొలం గట్టు మీదే తేల్చండి. దారి చూపించడానికి నేను వస్తాను.

భవదీయుడు,
బనగానపల్లె ప్రాంతానికి చెందిన ఒక రిటైర్డ్ సోషల్ టీచర్