యారేలో 1, సర్వర్‌లో 40: మధ్యలో ఏమైందో చూడరా శ్రీనూ

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. రోజూ రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా డేటాబేస్ ఈడుస్తోందనీ, డేటాబేస్ చూసే డీబీఏ తన సర్వర్‌లో ఒక్కో రీడ్‌కి 40 మిల్లీసెకండ్లు పడుతోందని స్టోరేజ్ మీద పడుతున్నాడనీ, స్టోరేజ్ వాళ్ళేమో మా యారేలో (డిస్కులన్నీ ఉండే స్టోరేజ్ పెట్టె) 1 మిల్లీసెకండే కనిపిస్తోందంటున్నారనీ రాశావు. ఇద్దరూ నిజమే చెబుతున్నారనుకుంటాను. సర్వర్‌లో 40, యారేలో 1 అంటే మిగతా 39 దారిలో ఖర్చవుతున్నాయన్న మాట. ఆ దారి చూడకుండా కొత్త ఎస్‌ఎస్‌డీలకి కొటేషన్ తెప్పించకు. డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

సర్వర్ దగ్గర మొదలుపెట్టు. డిస్క్ లెక్కలు చూపించే ఐఓస్టాట్ కమాండ్‌ని ఎక్స్ ఆప్షన్‌తో 5 సెకన్లకొకసారి నడుపు. మొదట వచ్చే రిపోర్టు బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని వదిలెయ్. చూడాల్సింది రీడ్ అవెయిట్, రైట్ అవెయిట్ (ఒక్కో రీడ్‌కి, రైట్‌కి జవాబు రావడానికి పట్టే సగటు సమయం), సగటు క్యూ సైజు, సగటు రిక్వెస్ట్ సైజు. యుటిలైజేషన్ 100 శాతం చూసి బెంబేలెత్తకు. ఆ సమయమంతా కనీసం ఒక్క రిక్వెస్టయినా పెండింగులో ఉందని మాత్రమే దానికి అర్థం. వెనక ఇన్ని డిస్కులున్న లన్‌కి (యారే సర్వర్‌కి ఒకే డిస్క్‌లా చూపించే భాగం) అదొక లెక్క కాదు. క్యూ లెక్క మాత్రం గుర్తుపెట్టుకో: ఒక లన్‌కి క్యూ డెప్త్, అంటే ఒకేసారి పంపగలిగే రిక్వెస్టులు, 32 అనుకుంటే, జవాబు 1 మిల్లీసెకండులో వస్తే సెకనుకి 32,000 ఐఓలు (రీడ్, రైట్ రిక్వెస్టులు) పోతాయి, 10 మిల్లీసెకండ్లు పడితే 3,200 మించవు. మిగతావన్నీ సర్వర్‌లోనే వరసలో నిలబడతాయి, ఆ నిరీక్షణంతా అవెయిట్‌లో కలుస్తుంది.

మల్టీపాత్ ఎల్‌ఎల్ కమాండ్ కొట్టి పాత్‌లు, అంటే సర్వర్ నుంచి యారేకి ఉన్న దారులు, లెక్కపెట్టు. నాలుగు ఉండాల్సిన చోట మూడుంటే అక్కడే ఆగు. నాలుగూ ఉన్నా ప్రయారిటీ 50 ఉన్న గ్రూపు ఖాళీగా కూర్చుని, 10 ఉన్న గ్రూపు యాక్టివ్‌గా ఉందేమో చూడు. అలా ఉంటే లన్ యారేలోని ఒక కంట్రోలర్‌ది, ట్రాఫిక్ ఇంకో కంట్రోలర్ మీదుగా చుట్టూ తిరిగి పోతోంది. కంట్రోలర్ రీబూట్ తర్వాత ఫెయిల్‌బ్యాక్ (పాత దారికి తిరిగి మారడం) మాన్యువల్‌గా ఉండిపోతే ఇదే జరుగుతుంది.

ఇక సర్వర్‌కీ యారేకీ మధ్య ఉన్న స్విచ్. నాకు అసలు అనుమానం ఇక్కడే. మీవి బ్రోకేడ్ స్విచ్‌లన్నావు కాబట్టి ఆ పేర్లే వాడతాను. పోర్టుల ఎర్రర్లు చూపించే పోర్ట్‌ఎర్‌షో కమాండ్‌లో కనిపించే అంకెలు ఎప్పటి నుంచి పోగయ్యాయో ఎవరికీ తెలీదు, అందుకే ముందు స్టాట్స్‌క్లియర్‌తో వాటిని సున్నా చేసి, గంట ఆగి చూడు. పాడైన ఫ్రేమ్‌లని (డేటా మోసే పొట్లాలని) లెక్కపెట్టే సీఆర్‌సీ కాలమ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకు, పక్కనే ఉన్న 'జీ ఈఓఎఫ్' కాలమ్ చూడు. అది పెరుగుతున్న పోర్టు లింకులోనే ఫ్రేమ్ పాడవుతోంది. ఉట్టి సీఆర్‌సీ పెరిగి ఇది పెరగకపోతే, పాడైన ఫ్రేమ్ ఎక్కడి నుంచో వచ్చి చేరిందంతే. లింకు దొరికాక ఎస్‌ఎఫ్‌పీషోతో రెండు కొసల్లోని ఎస్‌ఎఫ్‌పీల (పోర్టులో గుచ్చే ఆప్టికల్ ముక్కల) కాంతి పవర్ పోల్చు. ఇటు మైనస్ 2.5 డీబీఎంతో పంపింది అటు మైనస్ 9గా అందితే, నాలుగు మీటర్ల ప్యాచ్ కార్డులో అంత నష్టం ఉండకూడదు. ముందు కార్డు కనెక్టర్ల (ఎల్‌సీ) కొసలు రెండూ క్లీనర్‌తో తుడువు, తర్వాత కార్డు మార్చు, ఆ తర్వాతే ఎస్‌ఎఫ్‌పీ. మూడూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో ఎప్పటికీ తేలదు.

ఎర్రర్లే లేకపోతే? అప్పుడు క్రెడిట్లు చూడాలి. రైస్ మిల్లు లెక్క అనుకో. ఖాళీ గోనె సంచి వెనక్కొస్తేనే మిల్లువాడు ఇంకో సంచి నింపి పంపుతాడు. ఈ స్విచ్‌ల మీద నడిచే స్టోరేజ్ నెట్‌వర్క్ ఫైబర్ ఛానెల్‌లో ఆ ఖాళీ సంచే క్రెడిట్. అవతలివాడు తిరిగి ఇవ్వడం ఆలస్యం చేస్తే ఇవతల ఫ్రేమ్ సిద్ధంగా ఉన్నా కదలదు. ఆ ఆగిన సమయాన్ని పోర్ట్‌స్టాట్స్‌షోలో 'టిమ్ టీఎక్స్ క్రెడిట్ జీ' అనే కౌంటర్ లెక్కపెడుతుంది. ఒక్కో అంకె 2.5 మైక్రోసెకండ్లు. అంటే సెకనుకి 4 లక్షలు, 5 నిమిషాలకి 12 కోట్లు. ఆ 5 నిమిషాల్లో కౌంటర్ 1.2 కోట్లు పెరిగిందంటే, ఆ పోర్టు పదో వంతు సమయం చేతులు కట్టుకుని నిలబడినట్టు.

ఆ అంకె ఏ పోర్టు మీద పెరుగుతోందన్నదే అసలు సంగతి. స్విచ్‌ల మధ్య లింకు మీదైతే అది బాధితుడు, దాన్ని పట్టుకుని అవతలి స్విచ్‌కి వెళ్ళు. సర్వర్ తగిలించిన పోర్టు మీదైతే దోషి ఆ సర్వరే. మీ బ్యాకప్ సర్వర్‌ది పాత 8 గిగాబిట్ హెచ్‌బీఏ (ఫైబర్ ఛానెల్‌కి తగిలించే కార్డు), యారేది 32 అన్నావు. బ్యాకప్ మొదలయ్యేది కూడా పదింటికే కదా! పెద్ద పెద్ద రీడ్‌లు అడుగుతుంది, యారే 32 వేగంతో కుమ్మరిస్తుంది, 8 గిగాబిట్ లింకు అంత త్వరగా మింగలేదు. స్విచ్ బఫర్లు నిండుతాయి, అదే లింకు మీద వస్తున్న డేటాబేస్ ఫ్రేమ్‌లు ఏ పాపం ఎరగకుండా దాని వెనక నిలబడతాయి. యారే తన పని ముగిసినట్టే లెక్కేసుకుంటుంది కాబట్టి చాలాసార్లు అక్కడ 1 మిల్లీసెకండే కనిపిస్తుంది. మరీ ముదిరితే స్విచ్ ఫ్రేమ్‌లు పారేస్తుంది, 'డిస్క్ సీ3' కౌంటర్ పెరుగుతుంది, లినక్స్ ఆ కమాండ్ కోసం డిఫాల్టుగా 30 సెకన్లు కాచుకుంటుంది. యూజర్లు స్క్రీన్ బిగుసుకుపోయిందనేది అప్పుడే.

రుజువు చెయ్యడానికి పైసా ఖర్చు లేదు. పదకొండింటికి బ్యాకప్‌ని 15 నిమిషాలు ఆపించి రీడ్ అవెయిట్ చూడు. 40 కాస్తా 2కి పడిపోతే దొంగ దొరికినట్టే. హెచ్‌బీఏ మార్చడమే సరైన మందు. అది వచ్చేలోగా యారేలో ఆ సర్వర్‌కి బ్యాండ్‌విడ్త్ పరిమితి పెట్టించు, లేదా దాన్ని యారే ఉన్న స్విచ్‌కే మార్చు, అప్పుడు మధ్య లింకయినా బతుకుతుంది. డేటాబేస్, బ్యాకప్ ఒకే యారే పోర్టు పంచుకోకుండా జోనింగ్ (ఎవరు ఎవరితో మాట్లాడాలో స్విచ్‌లో పెట్టే అమరిక) కూడా విడదియ్యి. క్యూ డెప్త్ పెంచుదామని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఇరుకు తూము ముందు ఇంకాస్త నీళ్ళు వదిలినట్టవుతుంది.

రైట్ అవెయిట్ ఒక్కటే 0.5 నుంచి 15 మిల్లీసెకండ్లకి ఎగిరితే వేరే సంగతి: కంట్రోలర్ క్యాష్ బ్యాటరీ పోయి రైట్ త్రూలోకి (క్యాష్‌లో ఆపకుండా నేరుగా డిస్కు మీదే రాయడం) వెళ్ళిందేమో చూడమను.

టెస్ట్ యూనిట్‌లో ఐస్కజీ (మామూలు నెట్‌వర్క్ మీద నడిచే స్టోరేజ్) గురించి కూడా అడిగావుగా. అక్కడ జంబో ఫ్రేమ్‌లు, అంటే మామూలు 1500కి బదులు 9000 బైట్లవి, చివరిదాకా పోతున్నాయో లేదో ముందు తేల్చు. ముక్కలు చెయ్యొద్దన్న ఆప్షన్‌తో 8972 బైట్ల పింగ్ కొట్టు. 9000లో 28 బైట్లు హెడర్లకి పోతాయి. చిన్న పింగ్ అవతలికి చేరి ఇది చేరకపోతే దారిలో ఏదో ఒక పోర్టు 1500 దగ్గరే ఉంది.

సర్వర్లు, స్విచ్‌లు, యారే గడియారాలు ఒకే టైమ్ చూపిస్తున్నాయో లేదో ఇవాళే సరిచూసుకో, లేకపోతే గ్రాఫులు ఒకదానిమీద ఒకటి పెట్టి చూడలేం. రాత్రి తొమ్మిదిన్నరకి ఒకసారి, పదకొండింటికి బ్యాకప్ ఆపే ముందు ఒకసారి పోర్ట్‌స్టాట్స్‌షో రెండు స్విచ్‌ల నుంచీ తీసి పంపు. నేను మెలకువగానే ఉంటాను.

నీ
రవి