వచ్చే నెల నుంచి రీవైండింగ్ రేటు, గడువు మారుతున్నాయి

మా వర్క్‌షాపుకి మోటార్లు తెచ్చే రైతులకు, రైస్ మిల్లుల వారికి, జీడి యూనిట్ల వారికి నమస్కారం.

వచ్చే నెల 1వ తేదీ నుంచి 5 హెచ్‌పీ త్రీఫేజు మోటారులో మాడిన రాగి తీగ తీసి కొత్తది చుట్టే రీవైండింగ్‌కి లేబరు 1,800 రూపాయలు కాదు, 2,400. ఇదివరకు రెండు రోజుల్లో ఇచ్చేవాళ్లం, ఇక నాలుగు రోజులు పడుతుంది. రాగి సంగతి మారలేదు. మీ ఎదుటే తూకం వేసి ఆనాటి ధరకే లెక్క కడతాం, మాడిన పాత రాగి మీకే ఇచ్చేస్తాం. పెరిగిందల్లా పనిచేసే చేతికి ఇచ్చే జీతం.

విజయనగరం జిల్లాలో జూట్ మిల్లులు, ఫెర్రో కొలుములు (ఉక్కులో కలిపే లోహాలు కరిగించే ఫర్నేసులు) మూతపడుతున్న సంగతి మీకు తెలిసిందే. ఆ కొలుముల్లో టన్ను సిలికో మాంగనీస్ అనే లోహం తియ్యాలంటే సుమారు 4 వేల యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్‌కి రూపాయి పెరిగితే టన్ను మీద 4 వేలు పెరిగినట్టే. గిట్టుబాటు కాకపోతే కొలిమి ఆపేస్తారు, ఆ వెంటనే మెయింటెనెన్స్ సెక్షన్లో మనుషుల్ని తగ్గిస్తారు. అలా బయటికొచ్చిన ఇద్దరు వైండర్లు, ఒక ఫిట్టరు ఇప్పుడు మా దగ్గర చేరారు. చెవితోనే బేరింగు పోయిందని చెప్పగలిగిన మనుషులు. ఇలాంటివాళ్లు విశాఖలో గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీకి పోతే ఆ పని మళ్లీ మన ప్రాంతానికి రాదు. వాళ్లకి హెల్పరు కూలి ఇచ్చి వైండరు పని చేయించుకోవడం మాకు ఇష్టం లేదు.

రెండు రోజులు ఎక్కువెందుకంటే, ఫ్యాక్టరీ పద్ధతిలో చేస్తున్నాం. పాత వైండింగ్ కొయ్యకముందే స్లాట్లు (తీగ కూర్చునే గాడులు), పిచ్ (కాయిలు ఎన్ని స్లాట్లు దాటుతుందో), కాయిల్‌కి చుట్లు, వైరు గేజి, జంట వైరా ఒంటి వైరా, కాయిళ్లు కలిపిన పద్ధతి స్టారా డెల్టానా అన్నీ పుస్తకంలో రాసుకుంటాం. త్వరగా ఊడుతుందని కిరసనాయిలు పోసి కాల్చడం మానేశాం. అలా కాలిస్తే మోటారు లోపల పేర్చిన స్టాంపింగ్ రేకుల మధ్య ఇన్సులేషన్ పోతుంది, తర్వాత ఎంత మంచి రాగి చుట్టినా మోటారు లోడు లేకుండానే వేడెక్కుతుంది. చుట్టాక ముందు వేడి చేసి చెమ్మ పోగొట్టి, బుడగలు ఆగేదాకా వార్నిష్‌లో ముంచి, ఓవెన్లో 130 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఉంచుతాం. వానాకాలంలో ఈ ఒక్క పనికే రోజు పోతుంది. మొదట్లో బాగానే తిరిగి, చెమ్మ తగలగానే మాడిపోయే మోటార్లు చాలావరకు వార్నిష్ సరిగా ఆరనివే. ఆఖర్న 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూస్తాం. చల్లారాక కూడా 1 మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే మోటారు షాపు దాటదు.

ఇంకో మాట, ఇది మిల్లుల వారికి. ఈమధ్య వస్తున్న మోటార్లు చూస్తే, ఎలక్ట్రీషియన్‌ని తీసేసిన మిల్లు ఏదో కవరు విప్పగానే తెలిసిపోతోంది. స్టార్ కనెక్షన్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు బొగ్గులా మాడి మూడో ఫేజు కాయిళ్లు కొత్తవాటిలా మెరుస్తుంటే సప్లైలో ఒక ఫేజు పోయిందన్నమాట. డెల్టాలో అయితే ఒక్క ఫేజే మాడుతుంది. మూడూ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడ్, లేదా గాలి ఆడలేదు. ఫేజు పోయినా రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేది) సరిగా ఉంటే నిమిషాల్లో స్టార్టరు పడిపోవాలి. ఎందుకు పడదంటే, మాటిమాటికీ ట్రిప్ అవుతోందని ఎవరో రిలే సెట్టింగు పెంచేస్తారు. 5 హెచ్‌పీ మోటారుకి ప్లేటు మీద ఏడు, ఏడున్నర ఆంపియర్లుంటే రిలే అక్కడే ఉండాలి, పదిలో కాదు. ఒక మనిషి జీతం మిగిలిందనుకున్న చోట రీవైండింగ్ బిల్లు, ఆగిన మిల్లు రెండూ మీద పడుతున్నాయి. పర్మనెంటుగా పెట్టుకోలేకపోతే మా ఫిట్టరు నెలకోసారి వచ్చి రిలేలు, గ్రీజు, టెర్మినళ్లు చూస్తాడు. ఒక్కో మోటారుకి 150 రూపాయలు.

మీ ఇళ్లలోనో, ఊళ్లోనో ఫ్యాక్టరీ పని పోయినవాళ్లుంటే ఇది చెప్పండి. 'స్వచ్ఛందంగా మానేస్తున్నాను' అన్న కాగితం మీద తొందరపడి సంతకం పెట్టొద్దు, పెడితే రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యమే పనిలోంచి తీసేస్తే ఇచ్చే) పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. గ్రాట్యుటీ వేరే లెక్క: ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి, దాన్ని 15తో, సర్వీసు ఏళ్లతో గుణించి 26తో భాగించాలి. ఆ రెండూ కలిపి 18 వేలతో 20 ఏళ్లు చేసినవారికి 2,07,692 రూపాయలు. 30 రోజుల్లోపు ఇవ్వాలి. ఏ మెషీన్ల మీద ఎన్నేళ్లు చేశారో రాసిన సర్వీసు సర్టిఫికెట్ గేటు దాటకముందే తీసుకోవాలి. చాలామందికి ఐటీఐ కాగితం లేదు, రేపు పని ఇచ్చేవాడికి చూపించడానికి అదొక్కటే ఆధారం.

సంక్రాంతికి ముందు మిల్లుల మోటార్లన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. గుర్రుమంటున్న మోటార్లుంటే ఇప్పుడే పంపండి, బేరింగు మార్చడంతో పోతుంది. ఈ నెలాఖరులోపు షాపులో దించిన వాటికి పాత లేబరే తీసుకుంటాం.