విద్యార్థి ప్రార్థన సహవాసం: 2024-25 జమా ఖర్చుల వివరణ

ప్రభువు నామంలో సహోదర సహోదరీలందరికీ వందనాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సహవాసానికి వచ్చిన డబ్బు, అందులో ఖర్చయిన డబ్బు వివరాలు ఇవి. కానుక ఇచ్చినవారికే కాదు, ఇవ్వలేక ప్రార్థించినవారికీ, ఈ డబ్బుతో మేలు పొందిన విద్యార్థులకూ, ‘వీళ్లకు డబ్బు ఎక్కడినుంచి వస్తోంది’ అని కాలేజీల్లో అడిగేవారికీ ఈ లెక్క చూసే హక్కు ఉందని కమిటీ ఉద్దేశం. ముందు అంకెలు చూడండి. ఆ తర్వాత వాటి గురించి మేం చెప్పదలచుకున్నది కొంత ఉంది.

జమ (రూపాయలలో)

గత సంవత్సరపు నిల్వ: 18,640
పట్టభద్రుల నెలవారీ కానుకలు: 1,62,500
శిబిరానికని ప్రత్యేకంగా ఇచ్చినవి: 1,20,000
శిబిరం రుసుము: 78,600
వారపు కూడికల కానుకలు: 21,370
బైబిళ్లు, పుస్తకాల అమ్మకం: 14,250
బ్యాంకు వడ్డీ: 912
మొత్తం: 4,16,272

ఖర్చు (రూపాయలలో)

వార్షిక శిబిరం: 2,19,700
గది అద్దె, కరెంటు: 77,436
బైబిళ్లు, పుస్తకాల కొనుగోలు: 31,900
కూడికలకు వెళ్లివచ్చిన ప్రయాణ ఖర్చులు: 28,350
విద్యార్థులకు అత్యవసర సహాయం: 24,000
కూడికల నాయకులకు శిక్షణ: 11,280
రసీదు పుస్తకాలు, స్టేషనరీ: 1,870
బ్యాంకు చార్జీలు: 354
మొత్తం: 3,94,890

మార్చి 31 నాటి నిల్వ 21,382 రూపాయలు. ఇందులో బ్యాంకులో 20,150, కోశాధికారి చేతిలో 1,232. నగదు పుస్తకాన్ని, ఓచర్లను, బ్యాంకు పాసుబుక్కును కమిటీతో సంబంధం లేని ఒక చార్టర్డ్ అకౌంటెంటు పరిశీలించారు. ఆయన రుసుము తీసుకోలేదు. ఓచర్ లేని ఖర్చు ఒక్కటీ లేదని రాసి సంతకం చేశారు.

ఇక వివరాలు. జమలో అన్నిటికంటే పెద్ద పద్దు పట్టభద్రుల నెలవారీ కానుకలు. వీరంతా ఒకప్పుడు మన కూడికల్లో కూర్చున్నవారే. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉండి నెలకు 200 నుంచి 1,000 రూపాయల దాకా పంపుతున్నారు. మొదటి జీతం అందుకున్న నెలలోనే ప్రథమ ఫలమని పంపినవారూ ఉన్నారు. వీరికి ఒక పాత లెక్క గుర్తు చేయాలనిపించింది. 1729లో ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ వెస్లీ మొదలుపెట్టి, అన్న జాన్ వెస్లీ నడిపించిన చిన్న విద్యార్థి గుంపును తోటివారు ఎగతాళిగా ‘పవిత్రుల క్లబ్బు’ అనేవారు. వాళ్లు కలిసి వాక్యం చదివేవారు, జైళ్లకు వెళ్లి ఖైదీలను చూసేవారు. ఆ గుంపులో ఒకరి జమా ఖర్చును జాన్ వెస్లీ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పాడు. అతనికి ఏడాదికి 30 పౌన్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 పౌన్లు ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. అప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చేశాడు. అందరూ అలాగే చేయాలని కమిటీ అనడం లేదు. ఇంటి అప్పులు, చెల్లెళ్ల చదువులు ఎవరి మీద ఎంత ఉన్నాయో మాకు తెలుసు. అయితే జీతం పెరిగినప్పుడు కానుక సంగతి కూడా ఒకసారి ఆలోచించమని అడగడంలో తప్పు లేదనుకుంటాం.

వారపు కూడికల కానుకలు 21,370 అంటే చిన్న మొత్తంగా కనిపిస్తుంది. ఇది విద్యార్థుల చేతి ఖర్చుల్లోంచి వచ్చింది. పది రూపాయల నోట్లు, అయిదు రూపాయల నాణేలు. ప్రతి కూడికలోనూ ఇద్దరు విద్యార్థులు కవరు విప్పి లెక్కించి, దాని మీదే మొత్తం రాసి, సంతకాలు చేసి ఇస్తారు. ఒక్కరే లెక్కించిన కవరును కోశాధికారి తీసుకోరు. కొరింథు సంఘం కానుకను యెరూషలేముకు చేర్చే పనిలో పౌలు తన సహచరుడు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ని పంపాడు. ప్రభువు దృష్టిలోనే కాకుండా మనుషుల దృష్టిలో కూడా పని సవ్యంగా ఉండాలని రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలో కారణం చెప్పాడు. పంతొమ్మిదేళ్ల వయసులో ఈ అలవాటు పడినవారు రేపు ఏ సంఘంలో ఏ బాధ్యత తీసుకున్నా అక్కరకొస్తుంది. కాబట్టి కవరు మీద రెండో సంతకం కోసం పడే తిప్పలను కమిటీ శిష్యత్వంలో భాగంగానే చూస్తోంది.

ఇప్పుడు శిబిరం. మొత్తం ఖర్చులో నూటికి 55 రూపాయలకు పైగా ఈ ఒక్క పద్దుకే పోయింది. స్థలం అద్దె 60,000, భోజనాలు 1,12,700, బస్సులు 22,000, మైకులు, జనరేటరు 9,500, పాఠాల ముద్రణ 7,840, వాక్య పరిచర్యకు వచ్చినవారి ప్రయాణాలు 6,400, మందులు 1,260. వచ్చిన విద్యార్థులు 161 మంది. తలకు 600 రూపాయల రుసుమును 118 మంది పూర్తిగా, 26 మంది సగం కట్టారు. తక్కిన 17 మంది దగ్గర తీసుకోలేదు. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్నది నమోదు బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరికి తప్ప మరెవరికీ తెలియదు. బ్యాడ్జీలు అందరికీ ఒకే రంగువి. నిజానికి ఒక్కొక్కరి మీద అయిన ఖర్చు 1,365 రూపాయలు. రుసుము, ప్రత్యేక కానుకలు కలిపితే 1,98,600 వచ్చాయి. తగ్గిన 21,100 రూపాయలు నెలవారీ కానుకల్లోంచి తీయవలసి వచ్చింది.

శిబిరం వద్దని ఎవరూ అనరు. ఇంటి దగ్గర ఆదివారం గుడికి వెళ్లడం తప్ప తనకంటూ ప్రశ్నలు లేని పిల్లవాడు మూడు రోజులు ఫోను పక్కన పెట్టి వాక్యం వింటే, రాత్రి మెట్ల మీద కూర్చుని సీనియర్లతో మనసు విప్పితే, అది జీవితమంతా గుర్తుంటుంది. అయితే హాజరు పట్టీ చూస్తే మరో సంగతి తెలుస్తుంది. శిబిరానికి వచ్చిన 161 మందిలో మార్చి నాటికి వారం వారం కూడికలకు వస్తున్నవారు 64 మంది. చివరి రాత్రి ప్రభువుకు తమను అప్పగించుకుంటామని చేతులెత్తినవారు ఇంతకు రెట్టింపు ఉన్నారు. మిగతావారు విశ్వాసం వదిలేశారని కాదు. కొందరికి సొంత సంఘాలున్నాయి, కొందరు ప్రాక్టికల్సు, ప్రాజెక్టుల్లో మునిగిపోయారు. కానీ కొందరి విషయంలో కారణం మన దగ్గరే ఉంది: వాళ్ల హాస్టలుకు దగ్గరలో కూడిక లేదు, నడిపించే సీనియరు లేడు, వెళ్లి కలిసే పట్టభద్రుడు లేడు. ఇదే ఈ ఏటి లెక్కలో అసలు విషయం.

ఎందుకంటే ఏడాది పొడవునా జరిగే పని మొత్తానికి, అంటే గదికి, ప్రయాణాలకు, నాయకుల శిక్షణకు కలిపి మనం పెట్టింది 1,17,066 రూపాయలు. మూడు రోజుల శిబిరానికి పెట్టినదానిలో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. శిబిరానికని అడిగితే కానుకలు వస్తాయి. బ్యానరు ఉంటుంది, గ్రూపు ఫొటో ఉంటుంది. మంగళవారం సాయంత్రం ఏడుగురు చాప మీద కూర్చుని మార్కు సువార్త చదవడానికి గది అద్దె కావాలంటే ఇచ్చేవారు తక్కువ. ఆ ఫొటోలో చూడటానికి ఏమీ ఉండదు మరి.

ఆ మంగళవారపు కూడిక గురించి కొంచెం చెప్పాలి. మార్కు సువార్తకు 16 అధ్యాయాలు. వారానికి ఒక అధ్యాయం చొప్పున, పరీక్షల సెలవులు పోగా, ఒక విద్యా సంవత్సరంలో నింపాదిగా పూర్తవుతుంది. ప్రసంగం ఉండదు. ఒకరు చదువుతారు, అందరూ మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతారు: ఇక్కడ ఏం జరిగింది, దాని అర్థం ఏమిటి, ఈ వారం నేను ఏం చేయాలి. మొదటి రెండింటికి జవాబులు గడగడా వస్తాయి. మూడో ప్రశ్న దగ్గర గది నిశ్శబ్దమవుతుంది. రికార్డు కాపీ కొట్టి సంతకం పెట్టించుకున్న సంగతి, రూమ్మేటుతో నెల రోజులుగా మాట్లాడని సంగతి అక్కడే బయటికొస్తాయి. మొదటి సంవత్సరం విద్యార్థికి ఇంటి బెంగ. రెండో ఏడు వచ్చేసరికి అమ్మానాన్నల విశ్వాసం మీద సందేహాలు. చివరి ఏడాది ఉద్యోగ భయం. ఇవేవీ మూడు రోజుల్లో తీరేవి కావు. వీటిని వినడానికి ఏడాదంతా అందుబాటులో ఉండే మనిషి కావాలి.

ప్రయాణ ఖర్చుల పద్దు 28,350 అలాంటి మనుషులదే. ఆఫీసు ముగించుకుని బస్సెక్కి హాస్టళ్లకు వెళ్లే పట్టభద్రులు వీరు. ఓచర్లలో అన్నిటికంటే చిన్నది 20 రూపాయల షేర్ ఆటో. టికెట్టు లేని చోట తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ కూడికకు అన్నది తెల్ల కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాం. చాలామంది అసలు ఓచరే పెట్టరు. అది మంచితనమే గానీ, లెక్కకు ఇబ్బంది. పని అసలు విలువ ఎంతో పుస్తకంలో కనబడకపోతే వచ్చే ఏడు దానికి ఎంత కేటాయించాలో తెలియదు. దయచేసి ఓచర్ పెట్టండి, ఆ మొత్తాన్ని తిరిగి కానుకగా రాయించండి.

గది అద్దె నెలకు 6,000. కరెంటు ఏడాదికి 5,436. పరీక్షల నెలల్లో బిల్లు 700 దాటింది, ఎందుకని ఒక దాత అడిగారు. హాస్టల్లో సందడి భరించలేని పిల్లలు రాత్రి తొమ్మిది దాకా అక్కడే చదువుకుంటున్నారు. వారిలో మన కూడికలకు రానివారూ, క్రైస్తవులు కానివారూ ఉన్నారు. చదువుకోవడానికి వచ్చినవారిని ఏమీ అడగకూడదని కమిటీ నియమం. ఫ్యాను, లైటు ఖర్చు భరించడం పొరుగువాడిని ప్రేమించడంలో భాగమే.

పుస్తకాల పద్దు క్లుప్తంగా: 31,900కు కొన్నాం, 14,250కు అమ్మాం, 4,100 విలువైన సరుకు బీరువాలో ఉంది. తక్కిన 13,550 ఉచితంగానూ, తగ్గింపు ధరకూ ఇచ్చినందువల్ల మనం భరించినది.

అత్యవసర సహాయం 24,000 పరీక్ష ఫీజులకు, ఒక ఆస్పత్రి బిల్లుకు వెళ్లింది. ఎవరి చేతికీ నగదు ఇవ్వలేదు. నేరుగా కాలేజీకి, ఆస్పత్రికి చెల్లించి రసీదు తీసుకున్నాం. పేర్లు ప్రకటించం. ఎవరైనా తిరిగి ఇస్తామంటే తీసుకుని ఇదే పద్దులో జమ చేస్తాం గానీ, మేం అడగం.

విదేశీ కానుకల విషయం తరచూ అడుగుతున్నారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ విదేశీ మూలాలనుంచి విరాళం తీసుకోకూడదు. మనకు ఆ నమోదు లేదు. భారత పౌరసత్వం ఉండి విదేశాల్లో పనిచేస్తున్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపితే మాత్రం వస్తుంది, వారు తెలుగువారే అయినా, మన కూడికల్లో పెరిగినవారే అయినా. ఈ ఏడు అలాంటి ఒక సహోదరుడు శిబిరానికి పెద్ద మొత్తం పంపుతానని ఖాతా నంబరు అడిగారు. పంపవద్దని కోరాం, ఆయన అర్థం చేసుకున్నారు. అలాగే మనకు 80జీ గుర్తింపు లేదు. మన రసీదు ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికిరాదు. ఈ మాట రసీదు మీదే ముద్రించాం.

ఇరవై రూపాయల ఓచర్లు కూడా దాచడం అతి అని కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. వారికి నిర్గమకాండం 38వ అధ్యాయం చూపించాం. ఇశ్రాయేలీయులు ఆరాధనకు చేసుకున్న ప్రత్యక్ష గుడారపు పని ముగిశాక మోషే ఆజ్ఞ ప్రకారం, యాజకుడైన అహరోను కుమారుడు ఈతామారు ఆధ్వర్యంలో లెక్క రాశారు. తలకు అరతులం చొప్పున 6,03,550 మంది దగ్గర వెండి వచ్చింది. దానిలో ఎక్కువ భాగం నూరు దిమ్మలకు పోగా మిగిలింది 1,775 తులాలు. దానితో స్తంభాలకు వంకులు, అంటే కొక్కేలు, చేశారని కూడా రాశారు. తెర తగిలించే కొక్కేలకు ఎంత వెండి పోయిందో లేఖనంలోనే ఉన్నప్పుడు షేర్ ఆటో ఛార్జీ మన పుస్తకంలో ఉండటం అతి కాదు.

2025-26కు కమిటీ మూడు నిర్ణయాలు తీసుకుంది. శిబిరం దానికని వచ్చిన కానుకలు, రుసుములతోనే జరగాలి. నెలవారీ కానుకల్లోంచి ఒక్క రూపాయి కూడా అటు మళ్లించం. రుసుము పెంచకుండా, తక్కువ అద్దె స్థలం చూసి ఖర్చును 1,80,000 లోపు ఉంచుతాం. ప్రయాణ ఖర్చులకు 45,000 కేటాయించి, ఇప్పుడు కూడిక లేని హాస్టళ్లలో కొత్తవి మొదలుపెడతాం. గది యజమాని అద్దె 6,500 చేశారు, దానికి ఏడాదికి 78,000 కావాలి. శిబిరానికి ఏటా ఒకేసారి ఇచ్చే సహోదరులు అందులో కొంత భాగాన్ని నెలవారీ కానుకగా మార్చుకోగలరేమో ఆలోచించమని మనవి.

నగదు పుస్తకం, ఓచర్ల ఫైలు ఆదివారం కూడిక తర్వాత గదిలో కోశాధికారి దగ్గర ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు, విద్యార్థులు మరీ ముఖ్యంగా. సందేహాలు, అభ్యంతరాలు ఉంటే వార్షిక సర్వసభ్య సమావేశానికి ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. జవాబు సమావేశంలో అందరి ముందు చదువుతాం.

ఇట్లు,
అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు విద్యార్థి ప్రతినిధులు
నిర్వాహక కమిటీ